సంతకం పెట్టి ఎగిరిపోయారు!

తొలి విమాన వీరుల చేతిరాతకు ఎందుకంత విలువ? పామర్‌స్టన్ నార్త్‌కూ మన అలహాబాద్‌కూ మధ్య ఉన్న ఆకాశబంధం ఏంటి? అసలైన సంతకాన్ని పోల్చుకోవడం ఎలా? జేబుకు చిల్లు పడకుండా ఈ సరదా తీర్చుకోవాలనుకునే మనవాళ్ల కోసం...

పామర్‌స్టన్ నార్త్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి మూడు. మాసీ యూనివర్సిటీ, చుట్టూ పాల ఫారాలు, ఆగకుండా వీచే గాలి. వెల్లింగ్టన్‌కు ఉత్తరాన సుమారు 140 కిలోమీటర్ల దూరంలో, మనవాతు నది పక్కన ఉన్న ఊరిది. జనాభా దాదాపు 90 వేలు. మన లెక్కలో చెప్పాలంటే ఓ మాదిరి పట్టణం. చదువుకోవడానికి వచ్చినవాళ్లు, ఫారాల్లో పాలు పితికేవాళ్లు, వృద్ధాశ్రమాల్లో నైట్ డ్యూటీ చేసేవాళ్లు... ఇలా మన తెలుగువాళ్లూ ఇక్కడ కనిపిస్తారు. ఊరి అంచున మిల్సన్‌లో చిన్న ఎయిర్‌పోర్టు ఉంది. ఆక్లండ్‌కో క్రైస్ట్‌చర్చ్‌కో వెళ్లాలంటే అక్కడే ఎక్కుతాం. బ్యాగు తూకం సరిపోయిందా, ఫ్లయిట్ టైముకు ఉందా అన్న ధ్యాసే తప్ప, ఆ నేలకో కథ ఉందని ఎవరికి తోస్తుంది చెప్పండి?

కథ ఉంది. మామూలు కథ కాదు. విమానమంటే కర్ర, గుడ్డ, తీగలు, ఓ ఇంజిను మాత్రమే అయిన రోజుల్లో సముద్రాలు దాటొచ్చినవాళ్లు ఈ నేల మీద దిగారు. దిగినవాళ్ల చేత కవర్ల మీద, ఫొటోల మీద, ఆటోగ్రాఫ్ పుస్తకాల్లో సంతకాలు పెట్టించుకోవడం ఆ కాలపు ముచ్చట. ఆ కాగితం ముక్కల కోసమే ఇప్పుడు ప్రపంచమంతా వెతుకుతోంది. వాటిని సేకరించేవాళ్లు అమెరికాలో, ఇంగ్లండ్‌లో, ఆస్ట్రేలియాలో, న్యూజిలాండ్‌లో వేలాదిగా ఉన్నారు.

మిల్సన్‌లో దిగిన ‘తైనూయి’

1934 అక్టోబరు 20. ఇంగ్లండ్‌లోని మిల్డెన్‌హాల్ నుంచి ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ దాకా విమానాల పందెం మొదలైంది. మెల్‌బోర్న్ నగరం పుట్టి వందేళ్లు నిండిన సందర్భంగా మాక్‌రాబర్ట్‌సన్ అనే మిఠాయిల వ్యాపారి పెట్టిన బహుమతి అది. దూరం 18 వేల కిలోమీటర్ల పైమాటే. గెలిచిన స్కాట్, క్యాంప్‌బెల్ బ్లాక్ జంట సుమారు 71 గంటల్లో చేరుకుంది.

ఆ పందెంలో రెండు న్యూజిలాండ్ విమానాలు చివరిదాకా నిలిచాయి. ఒకదాని పేరే ‘మనవాతు’. ఒకే ఇంజిన్ ఉన్న చిన్న మైల్స్ హాక్ విమానం. దాన్ని నడిపింది ఈ ప్రాంతపు మనిషే... మాల్కం మెక్‌గ్రెగర్. తోడుగా వాకర్ వెళ్లాడు. పెద్ద కంపెనీల పెద్ద విమానాల మధ్య ఆ బుల్లి విమానం ఐదో స్థానంలో మెల్‌బోర్న్ చేరింది. రెండోది ‘తైనూయి’. హ్యూయెట్, కే, స్టూవర్ట్ అందులో వచ్చారు. మెల్‌బోర్న్‌తో ఆగలేదు వాళ్లు. అదే సంవత్సరం నవంబరులో టాస్మన్ సముద్రం దాటి, తిన్నగా మన పామర్‌స్టన్ నార్త్‌లో దిగారు! ఇంగ్లండ్‌లో బయల్దేరిన విమానం న్యూజిలాండ్ దాకా వచ్చిందంటే అప్పట్లో అదో అద్భుతం. ఆ ముగ్గురిలో ఒకరైన కే 1950లలో న్యూజిలాండ్ వైమానిక దళానికే అధిపతి అయ్యాడు.

ఆ తర్వాత పద్నాలుగు నెలలకే ఈ ఊరు ఇంకో మెట్టెక్కింది. 1936 జనవరి 16న యూనియన్ ఎయిర్‌వేస్ సంస్థ తన తొలి సర్వీసును ఇక్కణ్నుంచే మొదలుపెట్టింది. బ్లెనిమ్, క్రైస్ట్‌చర్చ్ మీదుగా డునీడిన్ దాకా నాలుగు ఇంజిన్ల డీహెచ్-86 విమానాలు నడిపింది. ఆ సంస్థ 1947లో ప్రభుత్వ నేషనల్ ఎయిర్‌వేస్‌లో, అది 1978లో ఎయిర్ న్యూజిలాండ్‌లో కలిసిపోయాయి. అంటే ఈ రోజు మనం ఎక్కే ఎయిర్ న్యూజిలాండ్ లోకల్ ఫ్లయిట్ల వేళ్లు కొన్ని మిల్సన్ మట్టిలోనే ఉన్నాయన్నమాట.

అలహాబాద్ ఆగాల్సిందే

ఇందులో మనకేంటి సంబంధం అంటారా? ఉంది. మెల్‌బోర్న్ పందెంలో ప్రతి విమానమూ తప్పనిసరిగా ఆగి హాజరు వేయించుకోవాల్సిన చోట్లు ఐదు. బాగ్దాద్, అలహాబాద్, సింగపూర్, డార్విన్, చార్లెవిల్. అంటే పామర్‌స్టన్ నార్త్ దాకా వచ్చిన ‘తైనూయి’, మెక్‌గ్రెగర్ నడిపిన ‘మనవాతు’... రెండూ మన గంగా యమునల ఒడ్డున దిగి లేచినవే.

అసలు విమానంలో ఉత్తరం పంపడమన్నది అధికారికంగా మొదలైందే అలహాబాద్‌లో. 1911 ఫిబ్రవరి 18న, అక్కడి ఎగ్జిబిషన్ సందర్భంగా, ఆన్రీ పెకే అనే 23 ఏళ్ల ఫ్రెంచి కుర్రాడు సుమారు 6,500 ఉత్తరాలను విమానంలో పెట్టుకుని, యమున దాటి నైనీలో దించాడు. దూరం పదో పదకొండో కిలోమీటర్లు. ప్రపంచంలో అదే మొదటి అధికారిక ఎయిర్‌మెయిల్. వాటి మీద ప్రత్యేకంగా ఎర్రటి సిరాతో ముద్ర వేశారు. ఆ ముద్రున్న కవరు, దాని మీద పెకే సంతకం కూడా ఉంటే... సేకరించేవాళ్లకు పెన్నిధే. ఆయన 1974 దాకా బతికాడు. భారత ప్రభుత్వం 1961లో ఆ ప్రయాణానికి యాభై ఏళ్లు నిండాయని స్టాంపులు కూడా వేసింది. ఆ 1961 స్టాంపులు ఇప్పటికీ తక్కువ ధరకే దొరుకుతాయి. ఈ సరదా మొదలుపెట్టేవాళ్లకు మంచి మొదటి మెట్టు.

అలహాబాద్‌తో ముడిపడ్డ ఇంకో పేరుంది. చార్లెస్ కింగ్స్‌ఫర్డ్ స్మిత్. 1928 సెప్టెంబరులో ‘సదరన్ క్రాస్’ విమానంలో టాస్మన్ సముద్రాన్ని మొదటిసారి దాటి క్రైస్ట్‌చర్చ్‌లో దిగిన బృందానికి నాయకుడాయన. సిడ్నీ ఎయిర్‌పోర్టుకు ఆయన పేరే పెట్టారు. 1935 నవంబరులో ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియా వెళ్తూ అలహాబాద్‌లో దిగాడు. అక్కణ్నుంచి రాత్రికి రాత్రి సింగపూర్‌కు బయల్దేరాడు. బర్మా తీరం దాటాక మళ్లీ కనబడలేదు. ఆయనతో పాటు మెకానిక్ పెతీబ్రిడ్జ్ కూడా. ఆయన చివరగా నేల మీద నిలబడిన ఊరు మన దేశంలోనిదే.

కవర్లు అమ్మి పెట్రోలు పోశారు

సరే, వీళ్లంతా సంతకాలు ఎందుకు పెట్టేవాళ్లు? అభిమానుల మీద ప్రేమతోనేనా? ప్రేమ ఉంది, అవసరం అంతకన్నా ఎక్కువ ఉంది.

ఆ రోజుల్లో విమానం నడిపేవాడికి నెల జీతం లేదు. పెట్రోలుకు, విడిభాగాలకు, దిగిన చోటల్లా కట్టే రుసుములకు డబ్బు ఎవరిస్తారు? కొందరికి పత్రికలిచ్చేవి, కొందరికి నూనె కంపెనీలిచ్చేవి. మిగతాది ఉత్తరాల మీద సంపాదించుకోవాలి. ప్రయాణానికి ముందు ప్రత్యేకంగా కవర్లు అచ్చువేయించడం, వాటి మీద సంతకం పెట్టడం, విమానంలో వెంట తీసుకెళ్లడం, అవతల దిగాక పోస్టాఫీసు ముద్ర వేయించి కొన్నవాళ్లకు పంపడం. ఇదీ పద్ధతి. అమీలియా ఇయర్‌హార్ట్ 1932లో ఒంటరిగా అట్లాంటిక్ దాటినప్పుడు యాభై కవర్లు వెంట తీసుకెళ్లింది. 1937లో ప్రపంచం చుట్టి రావడానికి బయల్దేరినప్పుడూ ఖర్చుల కోసం ఇలాగే వేలాది కవర్లకు ముందే డబ్బు వసూలు చేశారు. కరాచీ, కలకత్తా మీదుగా వెళ్లిన ఆమె జూలై 2న పసిఫిక్‌లో అదృశ్యమైంది. కవర్లు ఇంటికి రాలేదు.

ఊరు దాటి డబ్బు కోసం వచ్చినవాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది. ప్రయాణం పెద్దది, చేతిలో డబ్బు చిన్నది. ముందే ఎవరి దగ్గరో తీసుకుని, చేరాక తీర్చాలి. మనం ఏజెంటుకు కట్టడానికి అప్పు చేసి విమానమెక్కినట్టే, వాళ్లు సంతకాలు అప్పు పెట్టి ఎక్కారు.

దీనికి కొసమెరుపు చంద్రుడి దగ్గర ఉంది. 1969లో అపోలో-11 వ్యోమగాములు బయల్దేరే ముందు వందలాది కవర్ల మీద సంతకాలు పెట్టి ఇంట్లో వదిలి వెళ్లారు. వాళ్లకు పెద్ద మొత్తంలో జీవిత బీమా కొనుక్కునే స్తోమత లేదు. తిరిగి రాకపోతే భార్యాపిల్లలు ఆ కవర్లు అమ్ముకుని బతకాలని! అదృష్టం బాగుండి తిరిగొచ్చారు. వాటిని ఇప్పటికీ ‘ఇన్సూరెన్స్ కవర్లు’ అనే పిలుస్తారు.

సముద్రం పాలైన ఉత్తరాలు

టాస్మన్ ఎయిర్‌మెయిల్‌లో ఓ రోమాంచక ఘట్టముంది. 1935 మే 15. ఐదో జార్జి చక్రవర్తి పాలన రజతోత్సవాల వేళ, ప్రత్యేక ఉత్తరాలతో ‘సదరన్ క్రాస్’ సిడ్నీ నుంచి న్యూజిలాండ్‌కు బయల్దేరింది. నడిపేది కింగ్స్‌ఫర్డ్ స్మిత్, తోడుగా పి.జి.టేలర్, రేడియో దగ్గర స్టానేజ్. సముద్రం మీద ఉండగా ఓ ఇంజిన్ ప్రొపెల్లర్ విరిగింది. ఇంకో ఇంజిన్‌లో ఆయిలు అయిపోవస్తోంది. బరువు తగ్గించడానికి సరుకులు, ఆ తర్వాత ఉత్తరాల సంచులు సముద్రంలోకి విసిరేశారు. టేలర్ ఏం చేశాడో తెలుసా? ఎగురుతున్న విమానంలోంచి బయటికి పాక్కుంటూ వెళ్లి, ఆగిపోయిన ఇంజిన్‌లోంచి ఆయిలు పట్టి, అవతలి ఇంజిన్‌లో పోశాడు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ! అలా సిడ్నీకే తిరిగొచ్చి బతికి బయటపడ్డారు.

సేకరించేవాళ్లకు ఇందులో పెద్ద పాఠముంది. ఆ ప్రయాణంలో న్యూజిలాండ్ చేరిన ఉత్తరమంటూ ఎవరైనా చూపిస్తే దండం పెట్టి పక్కకు తప్పుకోండి. విమానమే చేరలేదు, ఉత్తరం ఎలా చేరుతుంది? చరిత్ర తెలిసినవాణ్ని మోసం చేయడం కష్టం.

ఆయుష్షును బట్టి ధర

సంతకం విలువ మనిషి గొప్పతనాన్ని బట్టే ఉంటుందనుకుంటాం. అది సగమే నిజం. ఆ మనిషి ఎన్నాళ్లు బతికాడు, ఎన్ని సంతకాలు పెట్టాడు అన్నది మిగతా సగం.

రైట్ సోదరులనే తీసుకోండి. ఇద్దరూ కలిసే 1903లో ఎగిరారు. అన్న విల్బర్ 1912లోనే టైఫాయిడ్‌తో పోయాడు. తమ్ముడు ఆర్విల్ 1948 దాకా ఉన్నాడు. అందుకే ఆర్విల్ సంతకం పెట్టిన ఉత్తరాలు, బ్యాంకు చెక్కులు బజారులో కనిపిస్తుంటాయి. విల్బర్ చేతిరాత దొరకడం మాత్రం చాలా అరుదు.

ఇక్కడి వాళ్ల సంగతీ అంతే. మెక్‌గ్రెగర్ మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రు విమానాలను కూల్చి పతకాలు పొందిన యోధుడు. పందెం నుంచి వచ్చాక యూనియన్ ఎయిర్‌వేస్‌లో చేరాడు. ఆ సంస్థ తొలి సర్వీసు మొదలైన నెలకే, 1936 ఫిబ్రవరిలో, వెల్లింగ్టన్ రొంగొటాయ్‌లో దిగబోతూ విమానం గాలివేగం కొలిచే స్తంభానికి తగిలి చనిపోయాడు. నలభై ఏళ్లు కూడా నిండలేదు. కింగ్స్‌ఫర్డ్ స్మిత్ సహచరుడు చార్లెస్ అల్మ్ 1934లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల మధ్య అధికారిక ఎయిర్‌మెయిల్ మోసినవాడు. ఆయన సంతకమున్న టాస్మన్ కవర్లు సేకరించేవాళ్లకు బాగా పరిచయం. అదే ఏడాది డిసెంబరులో హవాయి దగ్గర సముద్రంలో కలిసిపోయాడు.

జీన్ బాటెన్ కథ ఇంకో రకం. రొటొరువాలో పుట్టిన ఈ అమ్మాయి 1934లో ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకు ఒంటరిగా 15 రోజుల్లోపే ఎగిరింది. 1936 అక్టోబరులో ఇంగ్లండ్ నుంచి న్యూజిలాండ్‌కు 11 రోజుల 45 నిమిషాల్లో వచ్చి ఆక్లండ్‌లో దిగింది. ఆ పర్సివల్ గల్ విమానాన్ని తర్వాత ఆక్లండ్ అంతర్జాతీయ టెర్మినల్‌లో పైన వేలాడదీసి ప్రదర్శించారు. ఆ టెర్మినల్‌కు ఆమె పేరే పెట్టారు. అంతటి మనిషి 1982లో స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవిలో కుక్క కరిచి, వైద్యం చేయించుకోక ప్రాణం పోగొట్టుకుంది. అనాథలను పూడ్చే చోట పూడ్చారు. ఆ సంగతి లోకానికి తెలిసింది 1987లో! ఎక్కడుందో కూడా ఎవరికీ తెలియకుండా ఐదేళ్లు గడిచాయి. ఒకప్పుడు ఆమె చేతిరాత కోసం జనం తోసుకున్నారు. ఆమె రాసిన పుస్తకాల మీది సంతకాలను ఇప్పటికీ భద్రంగా దాచుకుంటున్నారు. సంతకం దాచుకున్న లోకం, మనిషిని మాత్రం మరిచిపోయింది.

బాల్‌పెన్ పట్టిస్తుంది

విలువ ఉన్నచోట దొంగ సరుకూ ఉంటుంది. లిండ్‌బర్గ్, ఇయర్‌హార్ట్, ఆర్మ్‌స్ట్రాంగ్... ఈ ముగ్గురి పేర్లతో దొంగ సంతకాలు కోకొల్లలు. ఆర్మ్‌స్ట్రాంగ్ 1994 నుంచి సంతకాలివ్వడమే మానేశాడు. దాంతో దొంగల పని మరీ ఎక్కువైంది. కష్టపడి సంపాదించిన డాలర్లు పెట్టేముందు ఈ నాలుగు సంగతులు చూసుకోండి.

మొదటిది పెన్ను. బాల్‌పెన్ జనంలోకి వచ్చింది 1945 తర్వాత. స్కెచ్ పెన్నులు వచ్చింది ఇంకా తర్వాత. కాబట్టి 1935లో పోయిన కింగ్స్‌ఫర్డ్ స్మిత్ బాల్‌పెన్‌తో సంతకం పెట్టడం జరిగే పని కాదు. ఆ రోజుల సంతకాలు సిరా పెన్నువి, లేదంటే పెన్సిలువి. సిరా పెన్ను గీత ఒత్తిడిని బట్టి సన్నం, లావు అవుతుంది. కాగితంలోకి కాస్త ఇంకుతుంది. భూతద్దం పెడితే తెలిసిపోతుంది.

రెండోది అచ్చు సంతకం. చాలా ఫొటోల మీద సంతకం ఫొటోతో పాటే ముద్రించి ఉంటుంది. చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది అచ్చే. వెలుగులో ఏటవాలుగా పట్టి చూడండి. అసలు సిరా అయితే కాగితం మెరుపు మీద వేరేగా కనిపిస్తుంది. కొందరి తరఫున సెక్రటరీలు కూడా సంతకాలు చేసేవాళ్లు. మిషను పెట్టి గీయించినవీ ఉన్నాయి. ఒకే మనిషివి రెండు సంతకాలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే అనుమానించాలి. చేత్తో పెట్టే సంతకం ఏ రెండుసార్లూ ఒకేలా రాదు. మన బ్యాంకువాళ్లను అడిగినా ఇదే చెబుతారు.

మూడోది తేదీ. కవరు మీది పోస్టాఫీసు ముద్ర తేదీ, ఆ ప్రయాణం తేదీ కలవాలి. దీనికో ఉచిత సాయం ఉంది. న్యూజిలాండ్ నేషనల్ లైబ్రరీవాళ్లు ‘పేపర్స్ పాస్ట్’ పేరుతో పాత పత్రికలను ఆన్‌లైన్‌లో పెట్టారు. అందులో ఈ ఊరి పాత పత్రికలూ ఉన్నాయి. ఫలానా రోజు ఫలానా విమానం మిల్సన్‌లో దిగిందా లేదా, ఎవరెవరున్నారు, ఉత్తరాలు తెచ్చారా... అన్నీ ఆనాటి వార్తల్లోనే చూసుకోవచ్చు. పైసా ఖర్చు లేదు.

నాలుగోది పుట్టుపూర్వోత్తరాలు. ఈ కాగితం ఎవరి ఇంట్లోంచి వచ్చింది, ఎలా చేతులు మారింది అన్న వివరం ఉందా? పాత వేలం రసీదో, ఉత్తరమో, కుటుంబం ఫొటోనో తోడుంటే నమ్మకం పెరుగుతుంది. ‘సర్టిఫికెట్ ఇస్తాం’ అన్నంత మాత్రాన నమ్మేయొద్దు. దొంగ సంతకం చేసినవాడికి దొంగ సర్టిఫికెట్ చేయడం ఎంతసేపు? తేడా వస్తే డబ్బు వాపసిస్తానని రాసిచ్చేవాళ్ల దగ్గరే కొనండి.

ఇంకో మాట. ఇది పెట్టుబడి అని ఎవరైనా ఊదరగొడితే చెవిన పెట్టకండి. కొన్న ధరకే తిరిగి అమ్ముడుపోతుందన్న హామీ లేదు. ఇంటికి పంపాల్సిన డబ్బు, వీసా ఖర్చులు, అప్పు వాయిదాలు పక్కన పెట్టాక మిగిలిందే ఈ సరదాకు. సంతకం లేని మామూలు ఎయిర్‌మెయిల్ కవర్లతో మొదలుపెడితే తక్కువలో పోతుంది. కన్ను కుదిరాక సంతకాల జోలికి వెళ్లొచ్చు.

చట్టం కూడా చూసుకోండి

కొన్న పాత వస్తువును సూట్‌కేసులో పెట్టుకుని ఇండియా తెచ్చేద్దామనుకుంటే ఓ నిమిషం ఆగండి. న్యూజిలాండ్‌లో 1975 నాటి ప్రొటెక్టెడ్ ఆబ్జెక్ట్స్ చట్టం ఉంది. దేశ చరిత్రకు ముఖ్యమైన పాత వస్తువులు, పత్రాలు బయటికి తీసుకెళ్లాలంటే సాంస్కృతిక వారసత్వ శాఖ అనుమతి కావాలి. మామూలు కవర్లకు ఇబ్బంది రాకపోవచ్చు గానీ, అరుదైన వస్తువైతే ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. మన దేశంలోనూ 1972 నాటి పురావస్తు చట్టం ఉంది. వందేళ్లు దాటిన పురావస్తువులను, చారిత్రక విలువున్న 75 ఏళ్లు దాటిన రాతప్రతులను సొంతంగా దేశం దాటించకూడదు. తాతగారి పెట్టెలో దొరికిన పాత కాగితాలను ఇక్కడికి తెచ్చేముందు ఇది గుర్తుపెట్టుకోండి.

దాచడం ఓ విద్య

సిరాకు పెద్ద శత్రువు వెలుతురు. ఫ్రేము కట్టించి కిటికీ ఎదురుగా గోడకు తగిలిస్తే, కొన్నేళ్లకు సంతకం వెలిసిపోయి ఫ్రేమే మిగులుతుంది. ఇక్కడి ఇళ్లలో చలికాలం చెమ్మ ఎక్కువ. బూజు పడుతుంది. గోడను ఆనుకున్న బీరువా అడుగున, గరాజ్‌లో పెట్టొద్దు. లామినేషన్ అస్సలు చేయించొద్దు. ఒకసారి చేయిస్తే కాగితం దాని నుంచి బయటికి రాదు. చిరిగిన చోట సెల్లో టేపు అంటిస్తే పసుపు పచ్చ మరక శాశ్వతంగా ఉండిపోతుంది. మెత్తటి పీవీసీ కవర్లు కూడా సిరాను పీల్చేస్తాయి. ఆమ్లం లేని కాగితం, పాలియెస్టర్ కవర్లు వాడాలి. స్టాంపులు సేకరించేవాళ్ల సామాను అమ్మే చోట ఇవి దొరుకుతాయి.

మన పెట్టెలో ఏముంది?

ఇంత చదివాక ‘మనకూ ఇలాంటి చరిత్ర ఉందా’ అని అనిపిస్తుంది. ఎందుకు లేదు? 1932 అక్టోబరు 15న జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి ఉత్తరాలు తెచ్చారు. అక్కణ్నుంచి నెవిల్ వింటసెంట్ వాటిని బళ్లారి మీదుగా మద్రాసు చేర్చాడు. అప్పటి బళ్లారి జిల్లాలో మన తెలుగువాళ్లు బోలెడంతమంది. తొలి ఎయిర్‌మెయిల్ మన గడప తొక్కే వెళ్లిందన్నమాట. బేగంపేట కేంద్రంగా నడిచిన దక్కన్ ఎయిర్‌వేస్‌లోనే ప్రేమ్ మాథుర్ పైలట్‌గా చేరారు. ఆడపిల్ల విమానం నడిపితే ఎవరు ఎక్కుతారని కంపెనీలు తిప్పి పంపిన రోజులవి. ఆ ఉద్యోగం ఇచ్చింది మన హైదరాబాద్ సంస్థ. 1949లో ఆమె జాతీయ విమాన పందెం కూడా గెలిచారు. దక్కన్ ఎయిర్‌వేస్ 1953లో జాతీయం అయిపోయింది. ఆ పేరుతో ఉన్న టికెట్లు, టైంటేబుళ్లు, లగేజీ చీటీలు ఏ పాత హైదరాబాదీ ఇంట్లోనైనా దొరికితే, అవి పాత సామాన్లవాడికి కిలోల్లెక్కన పోయే కాగితాలు కావు.

అంత పాతవి అక్కర్లేదు. 2008 మార్చిలో హైదరాబాద్ ప్రయాణికుల విమానాలు బేగంపేట వదిలి శంషాబాద్ వెళ్లిపోయాయి. అదే ఏడాది ఫ్రీడమ్ ఎయిర్ మూతపడి, పామర్‌స్టన్ నార్త్ నుంచి ఆస్ట్రేలియాకు నేరుగా వెళ్లే విమానాలూ ఆగిపోయాయి. బేగంపేటలో కన్నీళ్లతో వీడ్కోలు తీసుకుని గల్ఫ్‌కో, అమెరికాకో, ఇక్కడికో వచ్చినవాళ్లు ఎందరో! ఆ బోర్డింగ్ పాసు మీ పాత పాస్‌పోర్టులో ఇంకా ఉందా? ఉంటే వెంటనే జిరాక్స్ తీయించండి, ఫొటో తీసి పెట్టుకోండి. ఎందుకంటే బోర్డింగ్ పాసులు చాలావరకు వేడితో అచ్చయ్యే కాగితం. నాలుగైదేళ్లకే అక్షరాలు మాయమై తెల్ల ముక్క మిగులుతుంది. 1911 నాటి సిరా ఉంది గానీ, 2007 నాటి బోర్డింగ్ పాసు లేదు. విచిత్రమే మరి!

అమ్మ రాసిన ఏరోగ్రామ్, దుబాయ్ నుంచి నాన్న పంపిన నీలం ఉత్తరం, మొదటి జీతం చీటీ... ఇవన్నీ ఇవాళ ఎవరికీ అక్కర్లేనివి. నిజమే. మెక్‌గ్రెగర్ సంతకం కూడా 1934లో ఓ పిల్లవాడి ఆటోగ్రాఫ్ పుస్తకంలో ఓ పేజీ మాత్రమే. దానికి విలువ తెచ్చింది దాచిన చెయ్యి. ఫలానావాళ్లు ఫలానా రోజు ఇక్కడికి వచ్చారు, ఇదుగో రుజువు అని చెప్పగలగడం చిన్న సంగతి కాదు. పదేళ్ల తర్వాత మన పిల్లలు ‘మీరు ఎలా వచ్చారు నాన్నా’ అని అడిగితే, నోటిమాటకు తోడు చేతిలో పెట్టడానికి ఓ కాగితం ఉండాలి కదా.

ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు ఇంకో వీలుంది. పామర్‌స్టన్ నార్త్ సిటీ లైబ్రరీలో ఇయాన్ మాథిసన్ పేరిట నగర ఆర్కైవ్స్ ఉన్నాయి. ఊరి పాత ఫొటోలు, పత్రాలు అక్కడ భద్రపరిచారు. సెలవు రోజున పిల్లల్ని తీసుకుని తే మనవా మ్యూజియానికి వెళ్లినప్పుడు, లైబ్రరీలో కూడా ఓ గంట గడపండి. 1934 నాటి మిల్సన్ ఫొటోలు ఉన్నాయేమో అడగండి. అక్కడ చూసి వచ్చాక ఇంట్లో అటక మీది సూట్‌కేసు దించి, పాత కాగితాల మీద తేదీలు, ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు పెన్సిల్‌తో వెనకవైపు రాసిపెట్టండి. బాల్‌పెన్‌తో మాత్రం వద్దు, అది రెండోవైపుకు దిగుతుంది.